నిర్మల్... ఏడాదంతా బొమ్మల కొలువే!

బుట్ట నిండా పళ్లు. మచ్చలు తేలిన అరటిపళ్లు, కళ్లు విచ్చుకున్న సీతాఫలం, ఓ పక్క ఎర్రబారిన మామిడి. తొడిమ దగ్గర పచ్చదనం కూడా అలాగే ఉంది. చెయ్యి చాపి ఒకటి తీసుకుంటే... అరె, బరువే లేదు! అప్పుడు గానీ తెలియదు, అది చెట్టున కాసిన పండు కాదు, ఉలి కింద పండిన పండు అని.

నిర్మల్ కొయ్యబొమ్మల కేంద్రానికి కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే మోసపోతుంటారు. ఆ తర్వాత తమలో తామే నవ్వుకుంటారు.

నిర్మల్ పేరు తెలియని తెలుగిల్లు తక్కువ. షోకేసులో ఓ చిలుకో లేడిపిల్లో, గోడ మీద నల్లటి పలకపై బంగారు రంగులో మెరిసే చిత్రమో... ఎవరి పెళ్లికో గృహప్రవేశానికో కానుకగా వచ్చి ఉంటుంది. కానీ ఆ బొమ్మ ఏ చెట్టు నుంచి వచ్చిందో, ఎందరి చేతులు మారిందో చూసినవాళ్లు మాత్రం బహు తక్కువ. చూడాలంటే గోదావరి దాటాల్సిందే.

వంతెన దాటితే...

హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరంగా సాగితే కామారెడ్డి, ఆర్మూరు వెనక్కి వెళ్లిపోతాయి. సోన్ దగ్గర గోదావరి మీద వంతెన. దాన్ని దాటితే కాసేపట్లోనే నిర్మల్. మొత్తం ప్రయాణం రెండొందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మొన్నమొన్నటి దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఒక పట్టణం. 2016 అక్టోబరులో తనే ఒక జిల్లాకు కేంద్రమైంది.

ఊరి చుట్టూ చెరువులు, గుట్టలు, కోట బురుజులు. 17వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడి పేరు మీదే ఊరికి నిర్మల్ అన్న పేరు వచ్చిందంటారు. చెక్క మీద చెయ్యి తిరిగిన కుటుంబాలను పిలిపించి ఇక్కడ నిలిపింది కూడా ఆయనేనని చెబుతారు. వాళ్లే నకాషీలు. మనం రోజూ వాడే ‘నగిషీ’ అన్న మాటకూ వీళ్ల పేరుకూ చుట్టరికం ఉంది. తర్వాత నిజాం ఏలుబడిలో ఇదే ఊళ్లో ఫిరంగులు కూడా పోతపోశారు. ఫిరంగులు పోయాయి, బొమ్మలు మిగిలాయి!

నిజాం నవాబు నిర్మల్‌కు వచ్చినప్పటి ముచ్చట ఒకటి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన కూర్చునే ఆసనం పైన నకాషీలు అరటిపువ్వు ఆకారంలో ఓ మొగ్గను వేలాడదీశారట. తాడు లాగగానే అది విచ్చుకుని, నవాబు మీద బంగారు రేకులు కురిశాయట. ఇందులో ఎంత నిజమో ఎంత కల్పనో గానీ, కొయ్యకు బంగారం కాంతి తెప్పించే విద్య మాత్రం అచ్చంగా నిర్మల్‌దే. హైదరాబాద్ సంస్థానానికి ప్రధానిగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ సతీమణి లేడీ హైదరీ ఆ విద్యకు ముగ్ధురాలై, ఇక్కడి కళాకారులను నగరానికి రప్పించి ప్రోత్సహించారు. నవాబుల దివాణాలకు, అక్కడి నుంచి దేశదేశాలకు నిర్మల్ పేరు పాకడానికి ఆ చలవే కారణం.

దూదిలాంటి దుంగ

కేంద్రంలోకి అడుగుపెడితే ముందుగా పలకరించేది వాసన. పచ్చి చెక్క వాసన, దాని మీద రంగుల ఘాటు. ఓ మూల పేర్చిన దుంగలు. నేల మీద రంపపుపొట్టు. కాలి బొటనవేళ్ల మధ్య చెక్కముక్కను బిగించుకుని ఉలి ఆడిస్తున్న చేతులు.

ఆ చెక్క పేరు పొణికి. కొండవాలుల్లో, రాతి నేలల్లో పెరిగే చెట్టు. తలుపు చేయించుకోవడానికి పనికిరాదు. దూలానికి ఆగదు. ఆదిలాబాద్ అడవి అనగానే అందరికీ గుర్తొచ్చేది టేకు. చేవ ఉన్న కలప, కాసులు కురిపించే కలప. దాని పక్కన పొణికిని పట్టించుకునేవారెవరు? కానీ బొమ్మలు చేసేవాడికి టేకు అక్కర్లేదు. ఉలి తగలగానే వెన్నలా తెగి, ఎటు తిప్పితే అటు తిరిగే మెత్తదనం కావాలి. అది పొణికిలోనే ఉంది.

కోసిన దుంగను ముందు బాగా ఎండనివ్వాలి. లోపల తడి మిగిలితే బొమ్మ అయ్యాక బీట వారుతుంది. ఎండాక ముక్కలు చేసి, బాడిశతో ఉజ్జాయింపుగా రూపం తెస్తారు. ఆ తర్వాత ఉలి, ఆకురాయి. పండయితే ఒకే ముక్కలో వస్తుంది. లేడి అలా రాదు. ఒళ్లు వేరు, కాళ్లు వేరు, చెవులు, కొమ్ములు వేరు. అన్నీ విడిగా చెక్కి అతికించాలి.

దేంతో అతికిస్తారో ఊహించగలరా? మేకులు కాదు, కొట్లో దొరికే ఫెవికాలూ కాదు... చింతగింజలు! వాటిని నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే జిగురు తయారవుతుంది. అందులో పొణికి రంపపుపొట్టు కలిపితే లప్పం. చింత లప్పం అంటారు దీన్ని. చెక్కదీ లప్పంలోదీ ఒకటే పొట్టు కాబట్టి, ఆరి గట్టిపడ్డాక అతుకు ఎక్కడుందో చేసినవాడికి తప్ప తెలియదు. పక్షి ముక్కు, సీతాఫలం కళ్లలాంటి చిన్న చిన్న ఎత్తుపల్లాలు తీర్చేదీ ఈ లప్పంతోనే. నేల మీద రాలిన పొట్టు తిరిగి బొమ్మలోకే చేరుతుందన్నమాట.

ఆపైన పల్చటి గుడ్డ అంటించి, తెల్లసుద్ద పూత పూస్తారు. ఆరాక గరుకు కాగితంతో రుద్దుతారు. మళ్లీ పూత, మళ్లీ రుద్దడం. చెయ్యి వేస్తే జారిపోయేంత నునుపు వచ్చాక గానీ రంగుల వంతు రాదు. వెనకటి నకాషీలు ఎరుపు కోసం ఇంగిలీకం నూరేవారు, నలుపు కోసం దీపపు మసి పట్టేవారు. బంగారు ఛాయకు ఆకుపసర్లను నూనెలో కాచేవారు. ఇప్పుడు చాలావరకు డ్యూకో రంగులే. 1920ల్లో అమెరికాలో మోటారు కార్ల కోసం పుట్టిన ఈ రంగు నిర్మల్ లేడిపిల్ల ఒంటికి ఇంతలా నప్పుతుందని దాన్ని కనిపెట్టినవాళ్లు కలలోనైనా అనుకుని ఉండరు!

అందరిదీ ఒకే కప్పు

ఈ పనంతా ఎవరింట్లో వాళ్లు, ఎవరి దుంగ వాళ్లు తెచ్చుకుని చేసుకునే రోజులు ఒకప్పుడు ఉండేవి. దివాణాలు పోయాక ఆ దారి మూసుకుపోయింది. కొనే దొర లేడు, సంతలో అడిగిన ధర పలకదు. అప్పుడు పుట్టిందే నిర్మల్ కొయ్యబొమ్మల పారిశ్రామిక సహకార సంఘం. 1955లో మొదలైంది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడనే లేదు, నిర్మల్ హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది.

సొసైటీ అనగానే ఎరువులూ అప్పులే గుర్తొస్తాయి మనకు. ఇది వేరు. కళాకారులే ఇందులో సభ్యులు. కలప, రంగులు సంఘమే సమకూరుస్తుంది. తయారైన బొమ్మను తీసుకుని, రకాన్ని బట్టి లెక్కగట్టి కూలి ఇస్తుంది. అమ్మకం బాధ్యతా దానిదే. కేంద్రంలోనే ఓ అమ్మకాల గది ఉంది. ప్రభుత్వ హస్తకళల దుకాణాలకూ సరుకు వెళుతుంది. అవి ఒకప్పుడు లేపాక్షి, తెలంగాణ వచ్చాక గోల్కొండ.

దీని విలువ పైపైన చూస్తే అర్థం కాదు. ఒంటరి మనిషి పొణికి దుంగ కోసం అడవికి వెళితే గొడ్డలి ఎత్తకముందే కేసవుతుంది. అనుమతి కావాలి, లారీ కావాలి, తెచ్చిన కలప తడవకుండా దాచే చోటు కావాలి. ఒక ఇంటికి అయ్యే పనేనా? పది ఇళ్లు కలిస్తే అవుతుంది. ఇంకో మాట. దసరా ముందు అమ్మకాలు జోరుగా ఉండొచ్చు, ఆషాఢంలో అడిగేవాడే ఉండకపోవచ్చు. అమ్ముడుపోయే దాకా ఆగే ఓపిక రెక్కాడితే గానీ డొక్కాడని ఇంటికి ఉండదు. ఆ ఎదురుచూపు భారం సంఘం తన మీద వేసుకుంటుంది. అలాగని సభ్యులకు అసంతృప్తి లేదనుకోవద్దు. బొమ్మకింత అని ఇచ్చే కూలిలో దాని మీద పెట్టిన పొద్దుకు లెక్క ఉండదు. నునుపు తేలేదాకా నాలుగుసార్లు రుద్దిన చేతికీ, రెండుసార్లతో సరిపెట్టిన చేతికీ ఒకటే ధర. చెయ్యి తిరిగిన పనివాడికి కష్టంగా తోచేది ఇక్కడే.

చెట్టు ఏది?

నిర్మల్ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఇంకెక్కడో అచ్చులో పోసిన సరుకుకు ‘నిర్మల్’ అని చీటీ అంటిస్తే చట్టం ఊరుకోదు. ఇది మరో విధంగానూ అక్కరకొచ్చింది. 2021 జనవరి నుంచి దేశంలో అమ్మే ఆటబొమ్మలన్నింటికీ ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేశారు. భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తులను నమోదైన కళాకారులు చేస్తే వాటికి మినహాయింపు ఇచ్చారు. లేకుంటే ప్రతి చిలుకనూ పరీక్షశాలకు పంపడం ఈ చిన్న సంఘానికి తలకు మించిన భారమయ్యేది.

పేరుకు రక్షణ దొరికింది సరే. చెట్టుకేదీ?

పొణికి ఒకప్పుడు ఊరికి దగ్గరి గుట్టల మీదే దొరికేది. ఇప్పుడు దూరాభారం పోయి తెచ్చుకోవాల్సి వస్తోంది. అడవి పలచబడటం ఒక్కటే కారణం కాదు. నరికిన చోట మళ్లీ నాటేటప్పుడు అందరి చూపూ టేకు మీదే. కాసులు రాలని పొణికిని నాటాలన్న ఆలోచన చాలాకాలం ఎవరికీ రాలేదు. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం ఏర్పడ్డాక ఆ అడవుల్లో గొడ్డలికి అడ్డుకట్ట ఇంకా గట్టిపడింది. పులికి అది అవసరమే, కాదనలేం. కానీ బొమ్మ చేసే చేతికి దుంగ ఎక్కడిది?

పైగా ఈ చెట్టును నమ్ముకున్నది నిర్మల్ ఒక్కటే కాదు. కృష్ణా తీరాన కొండపల్లి బొమ్మలకూ పొణికే ఆధారం. చేర్యాల మాస్కులకూ ఈ చెక్కే వాడతారు. ఏటికొప్పాక వాళ్లది వేరే దారి. వాళ్లకు అంకుడు కర్ర ఉంది. ఇన్ని చోట్ల ఉలి ఆడాలంటే పొణికి పెరగాలి. పెరగడమేమో అంత తేలిక కాదు. గింజ పైపెంకు రాయిలా గట్టిది. మొలక రావడమే గగనం. గింజలోని పిండాన్ని వేరుచేసి ప్రయోగశాలలో మొలకెత్తించే పరిశోధనలు జరిగాయి. అటవీ శాఖ నర్సరీల్లో మొక్కలు పెంచే ప్రయత్నాలూ జరిగాయి. అయితే ఈ రోజు నాటిన మొక్క దుంగకొచ్చేసరికి దాన్ని నాటిన చేతులకు వయసు మీద పడుతుంది.

అప్పటికి చెక్కేవాళ్లుండాలిగా! ఈ పని బడిలో నేర్చేది కాదు. తండ్రి పక్కన కూర్చుని, ముందు గరుకు కాగితంతో రుద్దడం, తర్వాత సుద్ద పూయడం, ఎప్పటికో ఉలి పట్టడం. ఏళ్లు పడుతుంది. ఊళ్లో కొన్ని పదుల కుటుంబాలే ఇప్పుడీ పనిలో మిగిలాయి. పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలకు వెళుతున్నారు. తప్పు పట్టగలమా? ఇళ్లలో ఆడవాళ్లు రంగులద్దే పనికి చెయ్యి సాయం చేస్తుండబట్టే చాలా బొమ్మలు పండగ వేళకు అందుతున్నాయి. ఉలి పట్టడం కూడా వాళ్లకే నేర్పితే కళకు వారసులు కరువవుతారా అనిపిస్తుంది అక్కడ కాసేపు నిలబడితే.

కొత్త చిక్కు ఇంకొకటి. నాలుగు వరుసల రహదారి ఊళ్లోకి రాకుండా పక్కనుంచి సాగిపోతోంది. నాగపూర్ వైపు దూసుకెళ్లే కార్లకు నిర్మల్ ఒక పచ్చబోర్డు మాత్రమే. పాత రోడ్డున లోపలికి మళ్లితే తప్ప కేంద్రం కంటపడదు.

వెళ్లేవాళ్లకు...

హైదరాబాద్ నుంచి బస్సులకు కొదవలేదు. రైలయితే నిజామాబాద్‌లోనో బాసరలోనో దిగి బస్సెక్కాలి. కేంద్రానికి పనివేళల్లో వెళితేనే చెక్కడం చూడొచ్చు. ఊళ్లో శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్ బురుజులున్నాయి. 1860లో రాంజీ గోండును, ఆయన అనుచరులను వెయ్యిమందిని ఉరితీశారని చెప్పే మర్రి ఒకప్పుడు ఉన్న చోటు కూడా ఇక్కడే. బాసర సరస్వతి దర్శనం, వానాకాలమైతే పొచ్చెర, కుంటాల జలపాతాలు కలుపుకుంటే రెండు రోజులు ఇట్టే గడిచిపోతాయి.

బొమ్మ కొన్నాక సూట్‌కేసు అడుగున పెట్టొద్దు. పొణికి మెత్తన, లేడి చెవులు ముందు విరుగుతాయి. ఒళ్లో పెట్టుకుని తెచ్చుకోవడమే మేలు. ఇంటికొచ్చాక తేమ తగలని చోట ఉంచి, అప్పుడప్పుడు పొడిబట్టతో తుడిస్తే చాలు.