రామగుండంలో ఆగిన చప్పుడు

అనకాపల్లి వాళ్లకి పవర్ ప్లాంట్ కొత్తేం కాదు. వైజాగ్ వెళ్లే బస్సులో లంకెలపాలెం దగ్గర కునుకు తీయకపోతే చాలు, పరవాడ సింహాద్రి టవర్లు కనిపిస్తాయి. అందుకే గోదావరి పక్కన ఒక పాత ప్లాంట్ మూతపడిందని తెలిసి, ఒక శనివారం సికింద్రాబాద్‌లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను. దిగింది రామగుండంలో.

నేను చూడ్డానికి వెళ్లింది రామగుండం 'బి' థర్మల్ స్టేషన్. కెపాసిటీ 62.5 మెగావాట్లు. అమెరికా సాయంతో కట్టారు, 1971లో కరెంటు ఇవ్వడం మొదలైంది. ఇక్కడే ఎందుకు? పక్కనే సింగరేణి బొగ్గు, దగ్గర్లోనే గోదావరి నీళ్లు. బొగ్గును పొడి చేసి కాలుస్తారు, ఆ వేడికి నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది. పని అయిపోయిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా చల్లార్చాలి. దానికే నది కావాలి. మన పరవాడకి ఆ పని సముద్రం చేస్తోంది.

లెక్క వేశాను. ఫుల్ లోడ్‌లో ఒక్క రోజు నడిస్తే 15 లక్షల యూనిట్లు. నెలకి 200 యూనిట్లు వాడే ఇళ్లు 7,500 ఉంటే, వాటికి నెలంతా సరిపోతుంది. అప్పట్లో అది చిన్న సంగతేం కాదు. తర్వాత అదే ఊళ్లో ఎన్టీపీసీ వచ్చింది. 1978లో శంకుస్థాపన, 1983లో మొదటి యూనిట్, పోనుపోను 2,600 మెగావాట్లు. అంటే మన 'బి' కంటే నలభై రెట్లు పైనే! పాత చిన్న యూనిట్‌కి ఒక్కో యూనిట్ కరెంటుకీ బొగ్గు ఎక్కువ పడుతుంది. 2015లో కాలుష్యం రూల్స్ కూడా గట్టిపడ్డాయి. 2024 జూన్‌లో ఆగిన మెషీన్ మళ్లీ తిరగలేదు.

లోపలికి వెళ్లే వీల్లేదు. బయట టీ కొట్టు దగ్గర నిలబడి చిమ్నీ కేసి చూస్తుంటే, పక్కన కూర్చున్న పెద్దాయన పలకరించాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"అనకాపల్లి అండీ."

"బెల్లం ఊరు గదా!" అని నవ్వాడు. అందులోనే పనిచేసి రిటైరయ్యాడట. "యాభై ఏండ్లు నడిచింది. గిప్పుడు రాత్రిపూట నిద్ర పడ్తలేదు. ఆ సప్పుడు లేకపోతే ఇంట్ల ఎవరో లేనట్టే ఉంటది."

ఏం చెప్పాలో తెలీలేదు. ఆఫీసులో పాత సర్వర్లు ఆపేసిన రోజు మేం కేక్ కోసుకున్నాం. వాటి చప్పుడు వింటూ నిద్రపోయినవాళ్లెవరూ లేరు కదా.

అదే చోట 800 మెగావాట్ల కొత్త ప్లాంట్ కడతామని ప్రభుత్వం చెప్పింది. "కడితే మా పిల్లలకు పని దొరుకుతది. ఊకె చెప్పుడు గాదు, కట్టాలె" అన్నాడాయన. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

తర్వాతి సెలవుకి ఇంటికెళ్తుంటే లంకెలపాలెం దగ్గర మెలకువగానే ఉన్నాను. సింహాద్రి మొదటి యూనిట్ మొదలైంది 2002లో. అంటే దానికీ పాతికేళ్లు దగ్గర పడుతున్నాయి. అది ఆగే రోజుకి పరవాడ కుర్రాళ్ల చేతిలో వేరే పని ఉండాలి కదా. ఆ మాట ఇప్పటినుంచే ఎవరైనా అడుగుతున్నారా?