దూది పెట్టుకుంటే చాలనుకున్నాను

పెళ్లయి సిరిసిల్లకు వచ్చిన కొత్తలో నాకు మామయ్య మీద ఒక కోపం ఉండేది. మా ఆయన పిలిస్తే వెంటనే పలికేవారు. నేను "మామయ్యా, అన్నం పెట్టాను, రండి" అని మూడుసార్లు అన్నా తల ఎత్తేవారు కాదు. కొడుకు మాట వినబడుతుంది, కోడలి మాట మాత్రం వినబడదా అని లోలోపల మండిపోయేదాన్ని. పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మ దగ్గర చెప్పుకుని ఏడ్చాను కూడా.

మామయ్య ముప్పై ఏళ్లకు పైగా సాంచాలు నడిపారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, మా దగ్గర పవర్‌లూమ్‌ని సాంచ అంటారు. రేకుల షెడ్డులో వరసగా సాంచాలు, అటూ ఇటూ కొట్టుకునే నాడెలు, పన్నెండు గంటల పని. గుమ్మం దగ్గర నిలబడి పిలిస్తే లోపలివాళ్లకు వినబడదు, చెయ్యి ఊపాల్సిందే.

పోయిన ఏడాది ఆయన్ని కరీంనగర్‌లో చెవుల డాక్టరుకు చూపించాం. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి పరీక్ష చేశారు. కాగితం మీద గీత కొంతదూరం బాగానే వెళ్లి, 4000 హెర్ట్జ్ దగ్గరకు వచ్చేసరికి బావిలోకి దిగినట్టు దిగిపోయింది. ఏళ్ల తరబడి పెద్ద చప్పుడులో పనిచేసినవాళ్లకు ఇలాగే అవుతుందట. ముందు పోయేది సన్నటి శబ్దాలేనట. ఆడవాళ్ల గొంతు, పిల్లల మాటలు, స, శ లాంటి అక్షరాలు అందవు. మగవాళ్ల బొంగురు గొంతు ఇంకా కొన్నాళ్లు వినబడుతుంది. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నటి కణాలు ఉంటాయని, అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవని డాక్టరు చెబుతుంటే నేను మామయ్య ముఖం వైపు చూడలేకపోయాను. ఇన్నేళ్లూ నా మాట వినబడకపోవడం కోపం వల్ల కాదు, లెక్కలేనితనం వల్ల కాదు. ఆయన చెవుల్లో ముందుగా పోయింది నా గొంతే.

ఇంటికొచ్చాక ఆ రాత్రి మా మరిది టీవీ సౌండ్ పెంచాడు. అతనూ ఆరేళ్లుగా అదే పనిలో ఉన్నాడు. "పని నుంచి వస్తే చెవుల్ల గుయ్యిమంటది వదినా, పొద్దటికల్లా పోతది" అన్నాడు తేలిగ్గా. నాకు గుండె జారిపోయింది. మామయ్యకు కూడా మొదట్లో పొద్దటికల్లా పోయే ఉంటుంది.

ఇక నేనే పూనుకున్నాను. ముందు మనందరికీ తెలిసిన వైద్యం దూది. మరిదికి ఇచ్చే ముందు నేనే చెవుల్లో పెట్టుకుని మిక్సీ వేసి చూశాను. పెద్ద తేడా లేదు! దూది నిండా గాలే కదా, గాలి దూరే సందులో చప్పుడూ దూరుతుంది. గోడలకు గుడ్ల అట్టలు కొట్టమని ఎవరో చెప్పారు. అవి గదిలో మారుమోతను కొంచెం తగ్గిస్తాయేమో కానీ, మనిషి ముందే ఆడుతున్న సాంచను ఏమీ చేయలేవు. పైగా దూది నుసి ఎగిరే చోట అట్టలంటే నిప్పుకు భయం.

తర్వాత ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ తెప్పించాను. చూడ్డానికి స్పాంజి ముక్కే, కానీ పనితీరు వేరు. శుభ్రమైన చేతులతో వత్తిలా సన్నగా చుట్టాలి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టాలి. అది మెల్లగా ఉబ్బి సందు మూసేదాకా అర నిమిషం వేలితో ఆపాలి. సరిగ్గా కుదిరితే మన గొంతు మనకే కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. సగం బయటకు వేలాడుతుంటే పెట్టుకోనట్టే లెక్క.

ఫోన్‌లో కొలిస్తే కార్ఖానాలో 97 డెసిబెల్స్ చూపించింది. ఫోన్ లెక్క కచ్చితం కాదనుకోండి. 85 దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుందని నిపుణుల లెక్క. ఆ లెక్కన 97 దగ్గర అరగంటే! వీళ్లుండేది పన్నెండు గంటలు. ఫోమ్ ప్యాకెట్ మీద 32 తగ్గుతుందని రాసి ఉన్నా, వాడకంలో అందులో సగం తగ్గుతుందనుకోవడమే మంచిదట. సగమైనా 81కి వస్తుంది.

కానీ నూనె, నుసి అంటిన చేతులతో ఫోమ్ ముట్టుకుంటే ఒక్కరోజులో నల్లబడింది. చెవులను మొత్తం కప్పే ఇయర్ మఫ్స్ చూశాం. రేకుల కింద ఆ ఉక్కపోతలో ఎవరు పెట్టుకుంటారు? చివరికి గొడుగుల్లా మూడు అంచులుండే సిలికాన్ ప్లగ్స్, తాడు ఉన్నవి కుదిరాయి. చుట్టే పని లేదు, కాడ పట్టుకుని పెట్టుకోవచ్చు, సబ్బుతో కడగొచ్చు. ఫోమ్ కంటే కొంచెం తక్కువ ఆపుతాయి, అయినా రోజూ పెట్టుకునేదే మంచిది కదా. జత ధర చీరకు ఫాల్ కుట్టించినంత కూడా లేదు.

"పోగు తెగితే చప్పుడుతోనే తెలుస్తది వదినా, ఇవి పెట్టుకుంటే ఎట్ల?" అని మరిది వాటిని పక్కన పెట్టేశాడు. నాకు జవాబు తెలియలేదు. మామయ్యే కాగితం మీద రాసింది చదివి, "రెండు దినాలు పెట్టుకోని చూడు. చప్పుడు తగ్గుతది గని మారేది తెలుస్తది" అన్నారు. అలాగే అయింది. సాంచ మోత మారడం ప్లగ్స్‌లోంచి కూడా తెలుస్తోందట. పని నుంచి వచ్చాక గుయ్యిమనడం తగ్గిందన్నాడు.

ఇప్పుడు నేను మామయ్యను వెనక నుంచి పిలవను. ఎదురుగా వెళ్లి, అరవకుండా, గొంతు కాస్త తగ్గించి నెమ్మదిగా మాట్లాడతాను. మూడుసార్లు పిలవాల్సిన అవసరం రావడం లేదు.

మొన్న మరిది ప్లగ్స్ మేకుకే వదిలేసి బయలుదేరాడు. మామయ్య వాటిని తీసుకుని వీధి చివరిదాకా నడిచివెళ్లారు. "నీ చెవులు ఇంట్లనే మరిచినవ్" అని చేతిలో పెట్టి వచ్చారట.