నూనె కళ్ళాపి

సెయింట్ లూయిస్‌లో ఉండే మా ఫ్రెండ్ ఇంటికి వెళ్తే, ఊరవతల రూట్ 66 స్టేట్ పార్కుకి తీసుకెళ్ళాడు. మెరమెక్ నది, చెట్లు, సైకిళ్ళ మీద జనం, హాయిగా ఉంది. ఓ పక్క గడ్డి మొలిచిన పెద్ద దిబ్బ. "ఇదేంట్రా?" అంటే "ఊరు" అన్నాడు తాపీగా. జోకేమో అనుకున్నా. కాదట, కూలగొట్టిన ఇళ్ళన్నీ దాని కిందే ఉన్నాయి.

ఆ ఊరి పేరు టైమ్స్ బీచ్. 1925లో ఓ పేపరువాళ్ళు, ఆర్నెల్ల చందా కడితే 67 డాలర్ల 50 సెంట్లకే స్థలం అని ఆశపెట్టి అమ్మిన ప్లాట్లవి. తర్వాత్తర్వాత రెండువేల మంది దాకా స్థిరపడ్డారు. వాళ్ళకి దుమ్ముతో పెద్ద బాధ. రోడ్లకి తారు వేయించే స్తోమతు లేదు. మనమైతే వాకిట్లో నాలుగు చెంబుల నీళ్ళు కళ్ళాపి చల్లుతాం. వాళ్ళు 1972 నుంచి 1976 దాకా వేస్ట్ ఆయిల్ చల్లించారు, గ్యాలన్ ఆరు సెంట్లకి. దుమ్ము అణిగింది, అందరూ హ్యాపీ.

ఆ ఆయిల్ కాంట్రాక్టరే, వెరోనా అనే ఊళ్ళో హెక్సాక్లోరోఫీన్ తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వ్యర్థాలు కూడా ఎత్తుకెళ్ళి ఆయిల్లో కలిపేశాడు. అందులో ఉన్నది డయాక్సిన్. ఆ సంగతి తనకి తెలీదనే చెప్పుకొచ్చాడాయన.

సరే, తెలీక జరిగిందనుకుందాం. నన్ను కుదిపేసింది తర్వాతి కథ. 1971లోనే అదే ఆయిల్ చల్లిన ఓ గుర్రాలశాలలో పిట్టలు రాలిపోయాయి, పదుల కొద్దీ గుర్రాలు చచ్చిపోయాయి. ఆ శాల యజమానురాలు ఆయన ట్రక్కుల వెనకాలే తిరిగి, ఎక్కడెక్కడ పారబోస్తున్నాడో రాసుకుని అధికారులకి పంపింది. 1974లో సీడీసీ ఆ మట్టిలో డయాక్సిన్ ఉందని తేల్చి, తవ్వి తీసేయమంది. కానీ దాని విషం ఏడాదిలో సగానికి తగ్గుతుందన్న అంచనాని నమ్ముకుని రాష్ట్రం వాళ్ళు ఊరుకున్నారు. అంచనా తప్పు.

టైమ్స్ బీచ్ జనానికి విషయం తెలిసేసరికి 1982 చివరకొచ్చింది. డిసెంబర్ మొదట్లో మట్టి నమూనాలు తీయడం అయిందో లేదో, నదికి వరదొచ్చి ఊరు మునిగింది. క్రిస్మస్‌కి రెండ్రోజుల ముందు కబురు: వెళ్ళినవాళ్ళు తిరిగి రావద్దు, ఉన్నవాళ్ళు వెళ్ళిపోండి. 1983 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఊరు మొత్తాన్ని కొనేస్తానంది. 1985లో ఊరన్నదే రికార్డుల్లోంచి పోయింది. 1996-97లో అక్కడే కొలిమి పెట్టి, రాష్ట్రంలోని మిగతా చోట్ల మట్టితో కలిపి 2,65,000 టన్నులు కాల్చారు. 1999లో పార్కు తెరిచారు.

"ఖాళీ చేయించడం అతి అని తర్వాత కొందరన్నార్లే" అన్నాడు మావాడు. నిజమే, 1991లో సీడీసీ అధికారి ఒకాయన అలాగే అన్నాడు. 1997లో అదే డయాక్సిన్‌ని క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలో చేర్చారు. ఆ వాదన ఎటు తేలినా, 1974 నుంచి 1982 దాకా ఎనిమిదేళ్ళు ఆ రోడ్ల మీద ఆడుకున్న పిల్లల తల్లిదండ్రులకి ఒక్కమాటైనా చెప్పాల్సింది కదా?

మన భాషలో చెప్పాలంటే, బగ్ దొరికింది, కారణం తెలిసింది, ఇంకెక్కడెక్కడ ఉందో జాబితా కూడా చేతికొచ్చింది. "దానంతటదే సర్దుకుంటుందిలే" అని టికెట్ పక్కన పెట్టేశారు. తిట్టుకుంటూ కారెక్కాక, నేను అలా పక్కన పెట్టినవి రెండు మూడు గుర్తొచ్చాయి. నా బగ్గులకి గుర్రాలు చావవు, నిజమే. కానీ ఆ "లే" మాత్రం ఒకటే.

సోమవారం ఆఫీసుకెళ్ళగానే ఒకటి తిరిగి తెరిచాను.