వలస వెళ్లిన పాట

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే రహదారి మీద కొత్తకోట. కరువొస్తే చాలు, ఆ చుట్టుపక్కల పల్లెలు మూటాముల్లె సర్దుకునేవి. ఆనకట్ట కట్టాలన్నా, కాలువ తవ్వాలన్నా ‘పాలమూరు లేబర్’ కోసమే వెతికేవారు.

అంతకు చాలా ముందే నిజాం రాజ్యం నుంచి బొంబాయి చేరిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలన్నారు. వాళ్లున్న పేట కామాఠీపుర అయింది.

మనిషి వెంట పాటా వెళ్లింది. ఈనాటికీ ముంబయి తెలుగు వాడల్లో ఆడవాళ్లు బతుకమ్మ ఆడతారు. తంగేడు దొరక్కపోతే బంతిపూలే పేరుస్తారు. అవ్వ పాడుతుంటే, తెలుగు చదవడం రాని మనవరాలు ఉయ్యాలో దగ్గర గొంతు కలుపుతుంది.

అవ్వ గొంతు ఆగేలోగా ఆ పాట పూర్తిగా మనవరాలికొస్తే ఊరు బతికినట్టే. లేకుంటే పేరొక్కటే మిగులుతుంది.