నాయన కొన్న కోటుగుడ్డ

మా అబ్బాయి పెళ్ళికి సూటుగుడ్డ కొనాలని పోయిన నెల విరుదునగర్ నుంచి మధురై వెళ్ళాం. కొట్టతను నాలుగు తానులు విప్పి పరిచాడు. నేను ఒక తాను అంచునుంచి పోగు లాగి, వాకిట్లోకి వచ్చి అగ్గిపుల్ల గీశాను. వాడికి సిగ్గేసింది. "ఏంటప్పా ఇది, అందరూ చూస్తున్నారు" అన్నాడు. (నేను మా తండ్రిని నాయనా అన్నాను, వీడు నన్ను అప్పా అంటాడు. అది వేరే కథ.)

ఆ అగ్గిపుల్ల సంగతి వాడికే కాదు, ఎవరికీ చెప్పలేదు.

1996లో నాకు ఆఫీసరుగా ప్రమోషను వచ్చి ఢిల్లీకి వేశారు. మాది కోవిల్‌పట్టి పక్క పల్లె. నల్లరేగడి, పత్తి పండే నేల. నూలుబట్ట తప్ప మరొకటి ఎరగం. మా వైపు వేంబూరు గొర్రెకు ఉండేది ఉన్ని కాదు, వట్టి వెంట్రుక; దాన్ని పెంచేది మాంసానికి. ఉన్ని అంటే మా అవ్వ కప్పుకొన్న కంబళే. ఢిల్లీ చలి గురించి ఎవరో చెబితే నాయన నాలుగు గొర్రెలు అమ్మి, టౌనులో ఒక కొట్లో "అచ్చమైన ఉన్ని" అని చెప్పిన గుడ్డ తెచ్చాడు. "గొర్రెనమ్మి గొర్రెబొచ్చు కొన్నాన్రా" అని నవ్వాడు.

ఢిల్లీలో కోటు భుజాలు సరిచేయమని ఒక ముసలి దర్జీకి ఇచ్చాను. ఆయన ఒక పోగు కాల్చి చూపించాడు. కరిగి నల్లపూసలా గట్టిపడింది. అంతా పాలియెస్టరే. రోజూ నోట్లు వెలుగుకు పట్టి చూసేవాణ్ణి, గుడ్డ చూడటం తెలియలేదు. ఆ రాత్రి నాయనకు తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో పెట్టి ఉత్తరం రాశాను: "కోటు బాగా వెచ్చగా ఉంది." లోపల రెండు స్వెట్టర్లు వేసుకొని రాసిన మాట అది.

తరువాత పట్టుబట్టి నేర్చుకున్నాను. సూపర్ 100 అంటే సగటున 18.75 మైక్రాన్లు మించని ఉన్ని. 120 అంటే 17.75, 150 అంటే 16.25. మైక్రాను మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంకె పెరిగేకొద్దీ మెత్తదనం పెరుగుతుంది, మన్నిక తగ్గుతుంది. ఆఫీసుకు వేసుకునేవాడికి 100, 120 చాలు. అంకె చూసి మురిసిపోరాదు; నూటికి నూరు ఉన్ని అని ఉందా చూడాలి. మన ఎండకు గాలి ఆడే సాదా నేత, తేలిక బరువు మంచిది. పిడికిట్లో నలిపి వదిలితే ముడత తనంతట విడిపోవాలి. పోగు కాలిస్తే వెంట్రుక కాలిన కంపు రావాలి, బూడిద వేళ్ళ మధ్య పొడి కావాలి.

మధురైలో పొడి అయింది. గుడ్డ తీసుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడికి ఇదంతా చెప్పాను. "తాతకు చెప్పలేదా?" అన్నాడు.

చెప్పలేదు. పోయేదాకా ఆయన "ఆ కోటు ఉందా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఉంది. మంచి ఉన్నిని పురుగు కొట్టకుండా ఏటేటా ఎండబెట్టి కాపాడుకోవాలి. నాయన కోటును ఇన్నేళ్ళలో ఒక్క పురుగూ ముట్టలేదు.