డైసీ కంటే ముందే

ఏప్రిల్ 10, 2025

'ది గ్రేట్ గాట్స్‌బీ' అచ్చయి నేటికి నూరేళ్లు. 1925లో న్యూయార్క్‌లో స్క్రిబ్నర్స్ వాళ్లు మొదట 20,870 ప్రతులు వేశారు. ఆగస్టులో ఇంకో 3,000. రచయిత స్కాట్ ఫిట్జెరాల్డ్ 1940 డిసెంబరులో, నలభై నాలుగేళ్లకే గుండెపోటుతో పోయేనాటికి, ఆ మూడు వేలలో కొన్ని ఇంకా గోడౌన్‌లోనే పడి ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు పంచడానికి జేబులో పట్టే సైజులో లక్షకు పైగా ప్రతులు వేశారు. ఆ తర్వాతే నవల నిలదొక్కుకుంది. నవల నాయకుడు గాట్స్‌బీ కూడా ఎక్కడో పల్లె నుంచి వచ్చి యూనిఫాం తొడుక్కున్న కుర్రాడే కదా.

మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతున్నాను.

ఏప్రిల్ 12

కథ చెప్పే నిక్ ఉండే చిన్న ఇంటికి అద్దె నెలకు 80 డాలర్లు. పెళ్లికి ముందు రోజు టామ్ బుకానన్, గాట్స్‌బీ ప్రేమించిన డైసీకి ఇచ్చిన ముత్యాల హారం 3,50,000 డాలర్లు. కాగితం మీద లెక్క వేశాను. ఆ హారం ఖరీదుతో నిక్ ఇంట్లో 364 ఏళ్లు అద్దెకు ఉండవచ్చు. ఎవరెంత ఉన్నవాళ్లో ఫిట్జెరాల్డ్ వర్ణించడు, ధర చెప్పి ఊరుకుంటాడు.

హారం వచ్చిన రోజునే డైసీకి ఒక ఉత్తరం కూడా వచ్చింది. ఎవరు రాశారో నవల చెప్పదు, మనకు తెలిసిపోతుంది. ఆమె తాగింది. ముత్యాలు తిప్పి పంపెయ్యమంది. ఉత్తరం మాత్రం చేతిలోంచి వదల్లేదు. స్నేహితురాలు జోర్డన్, పనిమనిషి కలిసి చన్నీళ్ల తొట్టిలో కూర్చోబెడితే ఉత్తరం నాని, చిరిగి, ముక్కలైపోయింది. అరగంటలో ముత్యాలు మెడలోకి వచ్చాయి. మర్నాడు పెళ్లి. ఈ ఒక్క పేజీ కోసం నేను ఈ నవలను ఎన్నిసార్లయినా చదువుతాను.

ఏప్రిల్ 14

ఈ నవలలో బట్టల మీదే ఒక వ్యాసం రాయవచ్చు. 1917లో లూయీవిల్‌లో డైసీ ఇంటి గడప తొక్కినప్పుడు గాట్స్‌బీ లెఫ్టినెంటు యూనిఫాంలో ఉన్నాడు. జేబులో చిల్లిగవ్వ లేదన్న సంగతి యూనిఫాం బయటపెట్టదు. ఐదేళ్లకు అదే మనిషి ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్న చొక్కాలు ఆమె ముందు కుప్ప పోస్తే, డైసీ వాటిలో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

మరోపక్క గ్యారేజీ నడిపే విల్సన్ భార్య మర్టిల్. పెళ్లికి మొగుడు వేసుకున్న సూటు ఎవరి దగ్గరో అరువు తెచ్చిందని తెలిసి ఒక మధ్యాహ్నమంతా ఏడ్చిన మనిషి. రైల్లో టామ్ సూటు, నిగనిగలాడే బూట్లు చూసే అతని వెంట వెళ్లింది. డైసీ కన్నీళ్ల గురించి పేజీలకు పేజీలు రాస్తారు. నన్ను కుదిపేసినవి మర్టిల్ కన్నీళ్లు.

గాట్స్‌బీ గులాబీ రంగు సూటు వేసుకుంటాడు. అతను చెప్పుకున్నట్టు ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు కాదని తేల్చెయ్యడానికి టామ్‌కు అది చాలు.

ఏప్రిల్ 17

గాట్స్‌బీ సొమ్ము ఎలా వచ్చిందంటే: 1920 జనవరి నుంచి అమెరికా అంతటా మద్యనిషేధం. అయితే డాక్టరు చీటీ ఉంటే మందుల షాపులో మద్యం అమ్మడానికి చట్టంలోనే వీలుండేది. గాట్స్‌బీ, అతని భాగస్వామి వుల్ఫ్‌షీమ్ కలిసి న్యూయార్క్, షికాగో సందుల్లో మందుల షాపులు కొన్నది అందుకే. వుల్ఫ్‌షీమ్ పాత్రకు మూలం ఆర్నాల్డ్ రోత్‌స్టీన్ అనే అసలు జూదరి. 1919 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ కుంభకోణంలో వినిపించిన పేరు. 2013 సినిమాలో ఆ వేషం అమితాబ్ బచ్చన్ వేశాడు.

ఇంత సారా అమ్మినవాడు తాను మాత్రం దాదాపు ముట్టుకోడు. మన దేవదాసు గుర్తొచ్చాడు. అక్కడ జమీందారు కొడుకు పేదింటి పార్వతిని చేజేతులా వదులుకుని తాగి చచ్చిపోతాడు. ఇక్కడ పేదవాడు తాగకుండా, నిద్ర మానుకుని, మేడ కొనే పనిలో పడ్డాడు. దేవదాసు మీద మనకు జాలి. గాట్స్‌బీ మీద నాకు జాలి కాదు, గౌరవం. అతని దొంగ వ్యాపారం తెలిసీ ఈ మాట రాస్తున్నాను.

ఏప్రిల్ 19

రచయిత బతుకులోనూ ఇదే కథ. 1918లో అలబామాలోని మాంట్‌గొమరీలో సైనిక శిబిరంలో ఉండగా ఫిట్జెరాల్డ్‌కు జెల్డా సేయర్ పరిచయమైంది. న్యూయార్క్‌లో ప్రకటనల కంపెనీ జీతం మీద సంసారం నడవదని 1919లో ఆమె నిశ్చితార్థం రద్దు చేసింది. అతను సెయింట్ పాల్‌లోని అమ్మానాన్నల ఇంటికి వెళ్లి మొదటి నవల తిరగరాశాడు. 1920 మార్చి 26న పుస్తకం వచ్చింది. ఏప్రిల్ 3న పెళ్లి. మధ్యలో ఎనిమిది రోజులు. తర్వాత 1923లో 36,000 డాలర్లు సంపాదించి ఒక్కటీ మిగల్చలేకపోయాడు. ఆ సంగతి మీదే పత్రికకు వ్యాసం రాసి దానికీ డబ్బు తీసుకున్నాడు.

డబ్బున్న ఇంటి పిల్లను ప్రేమించిన కుర్రాడి మనసు అతనికి పుస్తకాల్లోంచి రాలేదు.

ఏప్రిల్ 20

న్యూయార్క్ క్వీన్స్‌లో ఉంటున్న మేనకోడలు ఫోన్ చేసింది. గాట్స్‌బీ చదువుతున్నానంటే ఉత్సాహపడింది. "మామయ్యా, అందులో విల్సన్ గ్యారేజీ ఉండే బూడిద లోయ ఉంది చూడు, అది మా దగ్గర్లోనే. ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్లినప్పుడల్లా ఆ లోయ ఉన్నచోటి పార్కుకూ వెళ్తాం. ఇప్పుడు అక్కడ టెన్నిస్ స్టేడియాలు." బ్రూక్లిన్ పొయ్యిల బూడిదంతా తెచ్చి పోసిన కరోనా దిబ్బలవి. 1939 ప్రపంచ ప్రదర్శన కోసం వాటిని చదును చేశారు.

డైసీని నేను తప్పుపడితే ఒప్పుకోలేదు. "పురుడు పోసుకునే వేళకు మొగుడెక్కడున్నాడో తెలియదు. ఒక్కతే పిల్లను కన్నది. మూడేళ్ల బిడ్డనేసుకుని ఆమె ఏ ధైర్యంతో వస్తుంది, చెప్పు మామయ్యా?"

అది నిజమే. ఒక్క క్షణమైనా టామ్‌ను ప్రేమించలేదని చెప్పమనడం గాట్స్‌బీ చేసిన అన్యాయం. అయినా మర్టిల్ చనిపోయిన రాత్రి గాట్స్‌బీ కారు నడిపింది డైసీ. మర్టిల్ ఆ కారు కిందే పడింది. నింద గాట్స్‌బీ నెత్తిన వేసుకుంటే కాదనలేదు. అతను చనిపోయాక ఒక పువ్వు కూడా పంపలేదు. దీనికి మేనకోడలి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

ఏప్రిల్ 24

చనిపోయింది ముగ్గురు: మర్టిల్, గాట్స్‌బీ, విల్సన్. ముగ్గురూ లేనివాళ్లుగా పుట్టినవాళ్లే. ముగ్గురూ ఉన్నచోటి నుంచి కదలాలనుకున్నారు. విల్సన్ కోరిక అందరికంటే చిన్నది. టామ్ పాత కారు కొని, అమ్మి, ఆ లాభంతో భార్యను తీసుకుని పడమటికి వెళ్లిపోవాలి. తరతరాల ఆస్తితో ఈస్ట్ ఎగ్‌లో ఉండే టామ్, డైసీలకు గోరంత గాయం కాలేదు. దీన్ని ప్రేమకథ అనేవాళ్లు ఈ లెక్క చూడాలి.

ఏప్రిల్ 27

చివరి అధ్యాయం. షికాగో పేపర్లో కొడుకు చావు చూసి గాట్స్‌బీ తండ్రి హెన్రీ గాట్జ్ వస్తాడు. జేబులో కొడుకు మేడ ఫొటో. మూలలు చిరిగి, చేతులు తగిలి మాసిపోయిన ఫొటో. మేడలో నిలబడి ఆ ఫొటోనే నిక్‌కు చూపిస్తాడు. అమెరికాలో కొడుకు కొన్న ఇంటిని ఫోన్‌లో చూపించే తండ్రులు మన వీధుల్లో ఎందరో. నాకు ఈ ముసలాయన పరాయివాడుగా అనిపించడు.

తర్వాత కొడుకు చిన్నప్పటి పాత పుస్తకం ఒకటి తీస్తాడు. చివరి ఖాళీ కాగితం మీద 1906 సెప్టెంబరు 12 తేదీతో కొడుకు రాసుకున్న దినచర్య. ఆరింటికి లేవడం, డంబెల్స్, విద్యుత్తు చదవడం, ఉద్యోగం, బేస్‌బాల్, మాట తీరు నేర్చుకోవడం, కనిపెట్టవలసిన యంత్రాల గురించి చదవడం. కింద నిశ్చయాలు: పొగాకు మానాలి, వారానికో మంచి పుస్తకం చదవాలి, ఐదు డాలర్లు దాచాలి. ఆ ఐదు కొట్టేసి మూడు వేశాడు. చివరిది, అమ్మానాన్నలతో ఇంకా బాగుండాలి.

డైసీని చూడ్డానికి ఇంకా పదకొండేళ్లుంది. తర్వాత గాట్స్‌బీ అయిన జేమ్స్ గాట్జ్ ఎక్కడం మొదలుపెట్టినప్పుడు పైన ఏ అమ్మాయీ లేదు. ఉన్నవాళ్ల లోకం మొత్తం తర్వాత ఒక అమ్మాయి రూపంలో ఎదురైంది. అందుకే డైసీ ఏం చేసినా అతనికి చాలదు. అందరూ డైసీ ఇంటి రేవు చివర వెలిగే పచ్చదీపం గురించే మాట్లాడతారు. నా దృష్టిలో ఈ నవలకు గుండె ఆ కొట్టేసిన ఐదు.

2013 సినిమాలో ఈ తండ్రి లేడు. సినిమాతో సరిపెట్టుకున్నవాళ్లు ఒక్కసారి తొమ్మిదో అధ్యాయం తెరవండి, ఆ తండ్రి చూపించే దినచర్య చదవండి.