నడచిన యిల్లు

స్థిరాస్తి యనగా నిల్లును నేలయు నని చిన్ననాటినుండి వినుచు వచ్చితిని. ఇల్లు నడచునని యెవరైన జెప్పియుండిన నవ్వియుందును. సులవేసి ద్వీపపు దక్షిణభాగమున, మకస్సర్ పట్టణమునుండి తూర్పుగా బోనె సీమకు బోవు దారిలో, సున్నపురాతి కొండల కావల, చంబ యను మన్నెపు ప్రాంతము గలదు. అచ్చటి యొక చిన్న బుగీ గ్రామమున నేను మూడు వారము లతిథిగా నుంటిని. నేను వచ్చిన మొదటి శుక్రవారమున, మధ్యాహ్నపు నమాజు ముగిసిన పిమ్మట, ఊరి మగవారందఱు నొక కొయ్యయింటి క్రింద జేరిరి. స్తంభములకు వెదుళ్లు గట్టి, ఒక్క కేకతో దానిని భుజముల కెత్తుకొని, కొంతదూరమున నున్న వేఱొక స్థలమున నిలిపిరి. మోసినవారికి గూలి లేదు. ఆడువారు వండిపెట్టిన భోజనమే ప్రతిఫలము. ఇల్లు పోయిన చోట స్తంభముల క్రింది చదునురాళ్లు మాత్రము మిగిలెను.

బుగీల యిల్లు మూడంతరువులది. మీది యటుకలో వడ్లుండును. నడిమి భాగమున మనుష్యు లుందురు. క్రింద స్తంభముల నడుమ వంటచెఱకు, పనిముట్లు, కోళ్లు, నేటికాలమున మోటారుసైకిలు నుండును. స్తంభములలో నొకదానిని ఇంటి బొడ్డు అని పిలిచి మన్నింతురు. ఇట్టి యిల్లు నేలకు బద్ధమైనది కాదు గనుక, నేల యొకరిదియు నిల్లు మఱియొకరిదియు గావచ్చును. ఇల్లు కొన్నవాడు దానిని మోయించుకొని పోవచ్చును, విప్పి కొనిపోవచ్చును.

నాకు బస యిచ్చిన యామె యొక వితంతువు, అఱువదియేండ్లు దాటినది. ఆ యిల్లు భర్తనుండి వచ్చినది కాదు, ఆమె తల్లిదండ్రులది. ముగ్గురు బిడ్డలలో నామె కడగొట్టుది. తల్లిదండ్రులను గడవఱకు సాకినది గనుక నిల్లామెకు సంక్రమించెను. అన్నలిద్దఱును దీనిని దానమని తలపలేదు, న్యాయమనియే తలచిరి. ఊరి బడిపంతులు మా యిద్దఱకు దుబాసిగా నుండి, అక్కడి పలు కుటుంబములలో నిట్లే జరుగునని చెప్పెను.

అంతమాత్రమున నాడుదాని కక్కడ సమభాగము గలదని చదువరులు భ్రమపడరాదు. దక్షిణ సులవేసి రాజ్యములు 1605 మొదలుకొని కొలది యేండ్లలో నిస్లామును స్వీకరించెను. పొలముల పంపకమున మగవానికి రెండు పాళ్లు, ఆడుదానికి నొక పాలు అను నియమమును బుగీలు తమ నిత్యజీవితమునుండి తీసిన పోలికతో జెప్పుదురు: మగవాడు కావడితో రెండు బరువులు మోయును, ఆడుది నెత్తిమీద నొక బరువు మోయును. ఈ మాట విని, "అమ్మా, ఇందులో న్యాయ మున్నదా?" యని యడిగితిని. ఆమె నవ్వి, "కావడి మోయువాడు సాయంకాలమునకు దింపును నాయనా, నెత్తిమీది బరువును రాత్రియు దింపుటకు వీలుకాదు" అనెను. ఆ మాటకు నాయొద్ద బ్రత్యుత్తరము లేకపోయెను.

ఆ గ్రామమున ఆస్తిని దినివేయు పురు గొకటి కలదు. అది వివాహము. వరుని పక్షమువారు వధువు నింటికి బంపవలసిన పెండ్లి వ్యయమును "దుయి మెన్రె", అనగా ఇంటిపైకెక్కు ధనము, అందురు. మన వరకట్నము వెళ్లు దిక్కునకు నిది యెదురు. చేయు నపకారమున మాత్రము రెండును దోబుట్టువులే. ఆ ధనము తగ్గిన బరువు తగ్గునని యిరుపక్షములవారును భయపడుదురు. మా యింటియామె పెద్దన్న తన కొమారుని పెండ్లికై వరిమడిని భోగ్యపు తాకట్టుగా నిచ్చెను. దీనిని వారు "సన్ర" యందురు. అప్పు తీరువఱకు బంట ఋణదాతది. నాడు మడికి యజమానుడైనవాడు నేడు దానినే పాలునకు దున్నుచు, పండినదానిలో సగము ఋణదాతకు గొలుచుచున్నాడు. ఇట్లు పదునొకండేండ్లు గడచినవి.

ఇండొనీషియాలో 1960లో నొక శాసనము పుట్టెను. తాకట్టు సేద్యపునేల యేడేండ్లు ఋణదాత యనుభవమున నున్నచో, పంట కోసిన పిమ్మట నెలలోపల నేమియు బుచ్చుకొనకయే తిరిగి యీయవలెనని దాని విధి. ఈ సంగతిని బంతులు పెద్దన్నకు దెలిపినాడట. "చట్టము నా పక్షముననే యుండవచ్చును. కాని యక్కఱలో నాకు సొమ్మిచ్చినవానితో నట్లు పలికి, మరుసటి శుక్రవార మతని ప్రక్కను నెట్లు నిలుతును?" అని యాతడు బదులు చెప్పెనట. ఈ యభిమానమును బుగీలు "సిరి" యందురు. వారికి బ్రాణముకంటె బ్రియమైనది. ఇరుగుపొరుగుల యింటిని గూలి లేక మోయించునదియు, పేదవానిని దన హక్కును దా నడుగకుండ నోరు నొక్కునదియు నీ సిరియే. సంస్కర్త దేనిని నిలుపవలెను, దేనిని దీసివేయవలెను?

కొండచరియలలోని కెమిరి చెట్లది మఱియొక కథ. వాని గింజలను గూరలలో నూఱి వేయుదురు. పూర్వము దీపములుగా వెలిగించెడివారు. చెట్టు నాటినవాని వంశమునదే ఫలమని యూరి నమ్మకము. యజమానుడు గింజ లేఱుకొన్న పిమ్మట మిగిలినవానిని, మన పొలములలో బరిగె యేఱినట్లు, చెట్లులేని పేదలు నేఱుకొందురు. దొరతనమువారి లెక్కలో మాత్ర మీ కొండలలో జాలభాగ మడవి. 2004లో నేర్పడిన బంటిముఱుంగ్-బులుసారౌంగ్ జాతీయోద్యానపు హద్దులలో నిట్టి తోటలును జేరినవి. తాత నాటిన చెట్టు మనుమనికి జెందునా, చెందదా యని నిర్ణయించు కాగిత మూరిలో నెవరియొద్దను లేదు.

నేను బయలుదేరుటకు ముందటి రాత్రి యామె యడిగెను: "నీకు దోబుట్టువు లున్నారా?" ఒక తమ్ముడు, ఒక చెల్లెలు అంటిని. "చెల్లెలి పాలెంత?"

మా తండ్రిగారు 1998లో గతించిరి. ఆంధ్రప్రదేశమున బిత్రార్జితమునందు గూతులకు సమభాగ మిచ్చు సవరణ 1986లోనే వచ్చెను. మా చెల్లెలి వివాహ మటుపిమ్మటనే జరిగెను. హక్కు నిస్సందేహము. అయినను మే మన్నదమ్ములము నొక పట్టుచీర పెట్టి, పసుపుకుంకుమల పేర గొంత సొమ్మిచ్చి, విడుదల పత్రముమీద నామెచే సంతకము చేయించుకొంటిమి. ఆమె యేమియు నడుగలేదు. ఆ సంగతినే చెప్పితిని.

ముసలమ్మ చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "అడుగలేదా? అడిగిన బుట్టినింటి గడప పోవునని భయపడెనా?" అనెను. దుబాసి యా ప్రశ్నను నాకు జెప్పునపుడు కన్ను లెత్తలేదు.

స్త్రీల హక్కులనుగూర్చి సభలలో బలుమారు మాటాడినవాడను. పెద్దన్న నోరు నొక్కిన సిరిని విమర్శించుటకు నాకు జాలినంత తర్కము దొరికినది. మా చెల్లెలి నోటిని నొక్కినదియు నదియేయని తోచుట కొక పరదేశపు వృద్ధురాలు గావలసివచ్చెను.

తిరిగి వచ్చిన నెలలోపలనే చెల్లెలి యింటికి బోయి, నా వంతున నామెకు రావలసిన నేలను దిరిగి వ్రాసి యిచ్చెదనని చెప్పితిని. ఆమె మొదట నాకేదో జబ్బు చేసినదని భయపడెను. పిమ్మట, "అన్నయ్యా, ఇంక రాకపోకలు మానుకొందమని కాదుగదా?" అని యడిగెను. కాదని నమ్మించుటకు సాయంకాల మయ్యెను. నా భాగపు దస్తావేజు రిజిస్టరైనది. తమ్ము డింకను సమ్మతింపలేదు. నాతో మాటలు తగ్గించినాడు.

చదువరులారా, మీ యిండ్లలోను విడుదల పత్రము లుండవచ్చును. వానిమీది సంతక మెవరిదో యందఱ మెఱుగుదుము. ఆ చేతిని బట్టుకొని వ్రాయించిన భయ మెవరు కల్పించినదో యొకమారు విచారింపుడు.